ఒకే ఊరి వీరులు, వేర్వేరు కౌలుదార్లు

1963 మార్చి తేదీతో అమెరికాలో వచ్చిన ‘ది అమేజింగ్ స్పైడర్‌మ్యాన్’ మొదటి సంచికలో ఓ చిన్న ఘట్టం ఉంది. పెంచిన బెన్ అంకుల్ చనిపోయాడు. ఇంటి అద్దెకు కటకటగా ఉంది. పీటర్ పార్కర్ అనే కుర్రాడు సాలీడు ముసుగు తొడుక్కుని, అదే న్యూయార్క్‌లో పేరు మోసిన ఫెంటాస్టిక్ ఫోర్ జట్టు ఉండే మేడకు వెళ్తాడు. ముందు వాళ్లతో కలబడి తన సత్తా చూపిస్తాడు, ఆ తర్వాత ఉద్యోగం అడుగుతాడు. మాది లాభాపేక్ష లేని సంస్థ, జీతాలుండవు అని వాళ్లు చెప్పేసరికి వచ్చిన దారినే వెళ్లిపోతాడు.

మార్వెల్ కామిక్స్ వ్యాపార రహస్యమంతా ఈ ఘట్టంలోనే ఉంది. రచయిత స్టాన్ లీ, చిత్రకారులు జాక్ కిర్బీ, స్టీవ్ డిట్కో కలిసి అల్లిన పాత్రలన్నీ ఒకే ఊళ్లో, ఒకే కాలంలో బతికాయి. ఒకరి వీధిలోంచి ఇంకొకరు ఎగిరిపోయేవారు. స్పైడర్‌మ్యాన్ పుస్తకం కొన్న పిల్లాడికి ఫెంటాస్టిక్ ఫోర్ మీదా, ఫెంటాస్టిక్ ఫోర్ పుస్తకం కొన్నవాడికి అవెంజర్స్ మీదా మనసు పోయేది. సినిమావాళ్లు క్రాసోవర్ అని పిలుస్తున్నది దీన్నే. వేర్వేరు కథల పాత్రలు ఒక కథలో కలుసుకోవడమన్న మాట.

కాగితం మీద మొదటి సంచికలోనే కలుసుకున్న ఈ ఇరుగుపొరుగులు వెండితెర మీద మాత్రం ఒకరినొకరు చూసుకోలేకపోయారు. 2002లో స్పైడర్‌మ్యాన్ సినిమా వచ్చింది. 2005లో ఫెంటాస్టిక్ ఫోర్ సినిమా వచ్చింది. రెండూ జరిగేది మన్‌హటన్‌లోనే. అయితే ఒకటి సోనీ వాళ్లది, రెండోది ఫాక్స్ వాళ్లది. రెండు సినిమాల్లోనూ రెండోవారు లేనే లేరన్నట్టు కథ నడిచింది. ప్రేక్షకుడు అడిగే ప్రశ్న ఒక్కటే. అంతా మార్వెల్ వాళ్లే కదా, మరి ఎందుకు కలవరు?

దీనికి జవాబు కొంత చట్టంలో ఉంది, కొంత ఆర్థికశాస్త్రంలో ఉంది. ఆర్థికశాస్త్రంలో ఉన్న భాగం 1838 నాటిది. దాని దగ్గరికి నిదానంగా వెళ్దాం.

కాపీరైట్ అంటే ఒక్క హక్కు అనుకుంటాం కానీ అది చీపురుకట్టలాంటిది. పుల్లలు విడదీసి ఒక్కో పుల్ల ఒక్కొక్కరికి ఇవ్వొచ్చు. తెలుగు సినిమా వ్యాపారం తెలిసినవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. ఒకే సినిమాను నైజాం ఒకరికి, సీడెడ్ ఇంకొకరికి, ఉత్తరాంధ్ర మరొకరికి అమ్ముతారు. ఓవర్సీస్ వేరు, శాటిలైట్ వేరు, డిజిటల్ వేరు, హిందీ డబ్బింగ్ వేరు. సినిమా ఒక్కటే, దాన్ని సొమ్ము చేసుకునే దారులు డజను. మార్వెల్ పాత్రలకూ అలాగే పుస్తకం హక్కు, బొమ్మల హక్కు, కార్టూన్ హక్కు, వినోద పార్కు హక్కు, సినిమా హక్కు వేటికవే. అమెరికాలో ఈ విభజన ఎంత దూరం పోయిందంటే, ఒక నది కూడా అందులో సరిహద్దు అయింది. వినోద పార్కుల కోసం 1994లో యూనివర్సల్ సంస్థతో కుదిరిన ఒప్పందం వల్ల, మిసిసిపీ నదికి తూర్పున ఉన్న ఫ్లోరిడా డిస్నీ వరల్డ్‌లో అవెంజర్స్ పేరుతో ఆటల ప్రాంగణం పెట్టడానికి వీల్లేదు. నదికి పడమట ఉన్న కాలిఫోర్నియాలో 2021లో ఎంచక్కా పెట్టుకున్నారు. ఈరోజు మార్వెల్ యజమాని ఆ డిస్నీయే అయినా సరే.

సినిమా హక్కు విషయంలో ఇంకొక మెలిక ఉంది. మార్వెల్ తన పాత్రలను స్టూడియోలకు చాలావరకు అమ్మేయలేదు, కౌలుకిచ్చింది. భూమి మార్వెల్‌ది. సాగు చేసుకునేవాడు సోనీ, ఫాక్స్, ఇంకొకరు. ప్రతి కౌలుకూ ఒక షరతు ఉంటుంది. ఇన్నేళ్లలో పంట వెయ్యకపోతే పొలం తిరిగి ఆసామిదే. సోనీతో ఉన్న స్పైడర్‌మ్యాన్ ఒప్పందం ప్రకారం ఒక సినిమా విడుదలైన 5 ఏళ్ల 9 నెలల్లోగా తర్వాతి సినిమా విడుదల చెయ్యాలి. 2014 నవంబరులో హ్యాకర్లు సోనీ కంప్యూటర్లలో చొరబడి బయటపెట్టిన కాగితాల వల్ల ఈ సంగతి లోకానికి తెలిసింది. స్పైడర్‌మ్యాన్ కథ అయిదేళ్లు తిరక్కుండా మళ్లీ మళ్లీ మొదటికి ఎందుకు వస్తుంటుందో ఈ ఒక్క వాక్యంతో చాలావరకు అర్థమవుతుంది. కథ ఉందా లేదా అన్నది తర్వాతి మాట, ముందు పొలం బీడు పడకూడదు.

ఈ షరతు పెట్టే తొందరకు పరాకాష్ఠ 1994 నాటి ఫెంటాస్టిక్ ఫోర్. జర్మన్ నిర్మాత బెర్ండ్ ఐకింగర్ దగ్గరున్న హక్కు 1992 డిసెంబరు ఆఖరుకు ముగిసిపోతుంది. ఆ నెలాఖరులోనే, చవకగా తీయడంలో ఆరితేరిన రోజర్ కోర్మన్‌తో చేతులు కలిపి, దాదాపు 10 లక్షల డాలర్లతో షూటింగ్ మొదలుపెట్టారు. సినిమా పూర్తయింది, ట్రైలరూ వచ్చింది, సినిమా మాత్రం థియేటర్ గడప తొక్కలేదు. హక్కు నిలబెట్టుకోవడానికే తీశారని స్టాన్ లీ అన్నాడు, ఐకింగర్ కాదన్నాడు. నటించినవాళ్లు మాత్రం నిజమైన సినిమా అనుకుని చెమటోడ్చారు. ఆ సినిమా కబురు చదివిన ప్రతిసారీ నాకు వాళ్లే గుర్తొస్తారు.

అసలు ఇంత విలువైన పొలాలను మార్వెల్ ఎందుకు కౌలుకిచ్చింది? అవసరం. 1990ల మొదట్లో అమెరికాలో కామిక్ పుస్తకాలను బంగారంలా కొని దాచుకునే వెర్రి వచ్చింది. అది తగ్గగానే అమ్మకాలు కుప్పకూలాయి. 1996 డిసెంబరులో మార్వెల్ దివాలా రక్షణ కోసం కోర్టుకెక్కింది. ఎక్స్-మెన్ అప్పటికే ఫాక్స్ చేతిలో ఉన్నారు. బ్లేడ్ న్యూలైన్‌కు, హల్క్ యూనివర్సల్‌కు, డేర్‌డెవిల్ ఫాక్స్‌కు చేరారు. స్పైడర్‌మ్యాన్ హక్కు చిన్నాచితకా కంపెనీలు మునిగిపోతూ ఒకదానికొకటి అందించుకుని, ఎవరిదో ఎవరికీ తెలియనంతగా కోర్టుల్లో చిక్కుకుంది. 1999లో సోనీ, ఎంజీఎం రాజీపడ్డాయి. ఎంజీఎం స్పైడర్‌మ్యాన్ మీద ఆశ వదులుకుంది, సోనీ జేమ్స్ బాండ్ మీద ఆశ వదులుకుంది. సాలీడుకు బదులు గూఢచారి, చెల్లుకు చెల్లు.

1998లో మార్వెల్ తన దగ్గర మిగిలిన పాత్రలన్నింటినీ దాదాపు టోకున 2.5 కోట్ల డాలర్లకు సోనీకి ఇవ్వజూపిందనీ, స్పైడర్‌మ్యాన్ తప్ప మిగతావాళ్లు ఎవరికి కావాలని సోనీ అధికారులు తోసిపుచ్చారనీ అమెరికన్ పాత్రికేయుడు బెన్ ఫ్రిట్జ్ 2018లో రాసిన పుస్తకంలో ఉంది. ఆ ‘మిగతావాళ్ల’లో ఐరన్ మ్యాన్, థోర్, బ్లాక్ పాంథర్ ఉన్నారు. ఎవరూ అక్కర్లేదన్న ఆ పాత్రలతోనే మార్వెల్ తర్వాత సొంత సేద్యానికి దిగింది. 2005లో కెప్టెన్ అమెరికా, డాక్టర్ స్ట్రేంజ్, బ్లాక్ పాంథర్ సహా 10 సినిమా హక్కులు తాకట్టు పెట్టి మెరిల్ లించ్ ద్వారా 52.5 కోట్ల డాలర్ల రుణ సదుపాయం తెచ్చుకుంది. సినిమాలు బోల్తా పడితే ఆ పాత్రలు అప్పిచ్చినవాళ్ల పాలయ్యేవి. అదే ఏడాది ఇతర స్టూడియోల చేతుల్లో పదిహేనేళ్లు నానిన ఐరన్ మ్యాన్ హక్కు ఇంటికి తిరిగొచ్చింది. 2008లో అతనితోనే పంట మొదలైంది. 2009లో డిస్నీ సుమారు 400 కోట్ల డాలర్లకు మార్వెల్‌ను కొన్నది. 2012లో అవెంజర్స్ అంతా ఒక తెర మీదికి వచ్చారు.

అంతా అన్నాను కానీ, అంతా కాదు. కష్టమంతా గట్ల దగ్గరే.

అన్నదమ్ములు పొలం పంచుకుంటారు. గట్టు మీదున్న బావిని ఎలా పంచుతారు? అది ఉమ్మడిలో ఉండిపోతుంది. మార్వెల్‌లో అలాంటి బావి క్విక్‌సిల్వర్, స్కార్లెట్ విచ్ అనే కవలలు. వాళ్లు 1964లో ఎక్స్-మెన్ పుస్తకంలో మాగ్నీటో అనే విలన్ అనుచరులుగా పుట్టారు. మరుసటి ఏడాదే అవెంజర్స్ జట్టులో చేరి పేరు తెచ్చుకున్నారు. తర్వాతి కథల్లో మాగ్నీటోకు బిడ్డలని తేలింది. ఎక్స్-మెన్ లెక్కన ఫాక్స్‌వి, అవెంజర్స్ లెక్కన మార్వెల్‌వి. చివరికి ఇద్దరూ వాడుకోవచ్చు, ఎవరి నీళ్లు వారే తోడుకోవాలన్న పద్ధతి నిలిచింది.

ఫలితం తెర మీద చూశాం. 2014 మేలో ఫాక్స్ తీసిన ‘డేస్ ఆఫ్ ఫ్యూచర్ పాస్ట్’లో ఇవాన్ పీటర్స్ క్విక్‌సిల్వర్‌గా వచ్చాడు. పెంటగాన్ వంటగదిలో తూటాలు గాల్లో నిలిచిపోగా అతను తాపీగా నడిచే దృశ్యం ఆ సినిమాకే ఆభరణం. ఏడాది తిరిగేసరికి మార్వెల్ తీసిన ‘ఏజ్ ఆఫ్ అల్ట్రాన్’లో అదే క్విక్‌సిల్వర్‌గా ఆరన్ టేలర్ జాన్సన్ వచ్చాడు, సినిమా చివర్లో చచ్చిపోయాడు. ఒకే పాత్ర, ఇద్దరు నటులు, ఒకరి లోకంలో ఇంకొకరి ఊసు లేదు. ఫాక్స్ సినిమాలో అవెంజర్స్ అన్న మాట రాకూడదు. మార్వెల్ సినిమాలో మ్యూటెంట్ అన్న మాట రాకూడదు, మాగ్నీటో పేరెత్తకూడదు. పుట్టుకతోనే శక్తులున్నవాళ్లను మ్యూటెంట్లంటారు, ఆ మాట ఎక్స్-మెన్ కౌలులో భాగం. అందుకే మార్వెల్ తన కవలలకు కొత్త పుట్టుక రాసింది. దుష్ట సంస్థ ఒకటి వాళ్ల మీద ప్రయోగం చేస్తే శక్తులు వచ్చాయట. పిల్లలకు తండ్రి పోయాడు, జాతి పోయింది, ప్రయోగశాల మిగిలింది. లాయర్ల కలం కథకుడి కలం మీద ఎంత బరువుగా వాలుతుందో చూపడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఇంకొన్ని చోట్ల ఈ బరువు కనబడకుండా పనిచేసింది. జిమ్ స్టార్లిన్ 1991లో రాసిన ‘ది ఇన్ఫినిటీ గాంట్లెట్’ కామిక్‌లో, విలన్ థానోస్ వస్తున్నాడన్న కబురు మోసుకుని డాక్టర్ స్ట్రేంజ్ ఇంటి కప్పు బద్దలు కొట్టుకుంటూ పడేది సిల్వర్ సర్ఫర్. 2018 నాటి ‘ఇన్ఫినిటీ వార్’లో అదే ఇంటి కప్పు లోంచి, అదే కబురుతో పడింది హల్క్. అప్పటికి సర్ఫర్ ఫెంటాస్టిక్ ఫోర్‌తో పాటు ఫాక్స్ కౌలులో ఉన్నాడు. ఇక ఆ హల్క్ సంగతి చూస్తే, అప్పట్లో అతను హీరోగా సినిమా తీస్తే పంపిణీలో మొదటి మాట యూనివర్సల్‌ది. పక్క పాత్రగా వాడితే ఆ బాధ లేదు. 2008 తర్వాత హల్క్ ఎప్పుడూ ఇంకొకరి సినిమాలోనే కనిపిస్తాడు. కామిక్స్‌లో అతనొక్కడి మీద నడిచిన గ్లాడియేటర్ల గ్రహం కథ 2017లో థోర్ సినిమాలో కలిసిపోయింది.

2006, 2007ల్లో వచ్చిన ‘సివిల్ వార్’ కామిక్‌లో ఐరన్ మ్యాన్ పక్షాన నిలిచే ముఖ్యుడు ఫెంటాస్టిక్ ఫోర్ పెద్ద రీడ్ రిచర్డ్స్. 2016 సినిమాలో అతని జాడే లేదు. వీరులు నిలువునా చీలే కథలో అసలు వీరుల్లో సగం మంది తెరకు రాలేకపోయారు. తెరకు వచ్చిన సగమే కథ అనుకున్నాం మనం.

ఇప్పుడు 1838కి వెళ్దాం. ఫ్రెంచి గణితవేత్త ఆంట్వాన్ ఓగుస్తెన్ కూర్నో ఆ ఏడాది సంపద మీద గణిత సూత్రాలతో ఓ పుస్తకం వేశాడు. అందులో ఇత్తడి ఉదాహరణ ఉంది. ఇత్తడి కావాలంటే రాగీ కావాలి, జింకూ కావాలి. దేశంలో రాగి అంతా ఒకడి దగ్గర, జింకు అంతా ఇంకొకడి దగ్గర ఉందనుకోండి. ఇద్దరూ ఎవరి ధర వారు పెడితే ఏమవుతుంది?

చిన్న లెక్క వేసుకుందాం. క్రాసోవర్ సినిమా ఉచితమైతే 120 మంది చూస్తారు. టికెట్ మీద ఒక్కో రూపాయి పెరిగితే ఒక్కొక్కరు తగ్గుతారు. రెండు పాత్రలూ ఒకే యజమానివైతే అతను 60 రూపాయలు పెడతాడు, 60 మంది వస్తారు, 3,600 రూపాయలు చేతికొస్తాయి. అంతకంటే మంచి ధర లేదు. ఇప్పుడు పాత్రలు ఇద్దరివి, ఎవరి వాటా వారు విడిగా నిర్ణయించుకుంటారు. అవతలివాడు 40 అడిగితే నాకు మంచిది 40 అడగడమే. 39 అడిగినా 41 అడిగినా ఒక్క రూపాయి తగ్గుతుంది, మీరే వేసి చూడండి. అతని లెక్కా అంతే. టికెట్ 80 అవుతుంది, 40 మందే వస్తారు, మొత్తం 3,200. యజమానులు ఇద్దరూ కలిసి 400 పోగొట్టుకున్నారు, ప్రేక్షకుడు 20 రూపాయలు ఎక్కువ కట్టాడు, 20 మంది అసలు సినిమాకే రాలేదు. యజమానులు ముగ్గురైతే టికెట్ 90, రాబడి 2,700. వాటాదార్లు పెరిగేకొద్దీ అందరూ నష్టపోతారు.

మరి ఇద్దరూ బుద్ధిగా చెరి 30 అడగొచ్చు కదా, మొత్తం 60యే అవుతుంది కదా? అవుతుంది, ఒక్కొక్కరికి 1,800 వస్తుంది. కానీ అవతలివాడు 30 దగ్గర నిలబడ్డాడని తెలిసిన మరుక్షణం, నేను 45 అడిగితే నాకు 2,025 వస్తుంది. నాకు తెలిసిందే అతనికీ తెలుసు. గట్టి కాగితం రాసుకోకపోతే ఆ బుద్ధి ఒక్క పూట నిలవదు.

కూర్నో చెప్పిందాంట్లో నన్ను పట్టుకున్న విషయం ఇదీ. క్రాసోవర్ ఆగిపోవడానికి ఎవరూ చెడ్డవాళ్లు కానక్కర్లేదు, మూర్ఖులు అవనక్కర్లేదు. ఎవరి లాభం వాళ్లు తెలివిగా చూసుకుంటే చాలు. 1998లో అమెరికన్ న్యాయాచార్యుడు మైకేల్ హెల్లర్ ఇదే జబ్బును ఇంకో కోణంలో చూపాడు. సోవియట్ పాలన పోయాక మాస్కోలో దుకాణాలు ఖాళీగా పడి ఉండేవి, వాటి ముందు కాలిబాట మీద బడ్డీకొట్లు కిటకిటలాడేవి. ఒక్కో దుకాణం మీద అమ్మే హక్కు ఒకరిది, అద్దెకిచ్చే హక్కు ఒకరిది, వాడుకునే హక్కు ఒకరిది. ఒక్కరు వద్దన్నా తాళం తెరుచుకోదు. సర్ఫర్ లేని ఇన్ఫినిటీ వార్ అలాంటి తాళం వేసిన దుకాణమే.

ఈ చిక్కు నుంచి బయటపడే దారులు మూడే. కావాల్సినదాన్ని వదిలి వేరేదానితో సరిపెట్టుకోవడం, బేరం కుదుర్చుకోవడం, అవతలివాణ్ని కొనేయడం. సరిపెట్టుకోవడం పైన చూశాం.

బేరాల్లో అందమైనవి చిన్న బేరాలు. ఫాక్స్ 2016 నాటి ‘డెడ్‌పూల్’ తీస్తూ నెగసానిక్ అనే అమ్మాయి పాత్ర శక్తులను మార్చాలనుకుంది. మార్చాలంటే మార్వెల్ ఒప్పుకోవాలి. అదే సమయంలో మార్వెల్ దర్శకుడు జేమ్స్ గన్ ‘గార్డియన్స్’ రెండో సినిమాకు హీరో తండ్రిగా ఈగో అనే ప్రాణమున్న గ్రహాన్ని రాసేసుకున్నాడు. రాశాక తెలిసింది, ఆ గ్రహం ఫాక్స్ కౌలులో ఉందని. ఒకరి అమ్మాయి శక్తులకు ఇంకొకరి గ్రహం మారకం జరిగింది. సినిమా చరిత్రలో ఒక గ్రహం చేతులు మారిన సందర్భం ఇంకోటి ఉందో లేదో నాకు అనుమానమే. ఇలాంటి బేరం ఎందుకు తేలిగ్గా తెగిందంటే, ఇద్దరికీ ఒకే సమయంలో ఒకరి దగ్గరున్నది ఇంకొకరికి అవసరమైంది. సినిమాల వసూళ్లలో వాటా గొడవే రాలేదు.

ఇంకా పాత ఉదాహరణ 1988 నాటి ‘హూ ఫ్రేమ్డ్ రోజర్ రాబిట్’. డిస్నీ మిక్కీ మౌస్, వార్నర్ బగ్స్ బన్నీ ఒకే ఫ్రేములో కనబడ్డారు. ఇద్దరికీ తెర మీద సమానమైన సమయం ఉండాలన్న షరతు మీద. అందుకే మిక్కీ, బగ్స్ ఆకాశం నుంచి పక్కపక్కనే దూకుతారు, డోనాల్డ్, డాఫీ ఎదురెదురుగా పియానోలు వాయిస్తారు. షరతే దృశ్యాన్ని రాసింది. ఈసారి మాత్రం అందంగా రాసింది.

పెద్ద బేరం 2015 ఫిబ్రవరి 9న బయటికొచ్చింది. అంతకు ముందు ఏడాది వచ్చిన సోనీ స్పైడర్‌మ్యాన్ సినిమా ఆశించినంత ఆడలేదు. మార్వెల్ దగ్గర సినిమాలు ఆడుతున్నాయి, సాలీడు లేడు. సోనీ దగ్గర సాలీడు ఉన్నాడు, సినిమా ఆడటం లేదు. కుదిరిన ఒప్పందం ఇది: స్పైడర్‌మ్యాన్ సొంత సినిమాలకు డబ్బు సోనీ పెడుతుంది, విడుదల సోనీ చేస్తుంది, చివరి మాట సోనీదే. సినిమా తయారుచేసేది మార్వెల్ మనుషులు. ప్రతిఫలంగా మార్వెల్ తన సినిమాల్లో అతన్ని వాడుకోవచ్చు. స్పైడర్‌మ్యాన్ బొమ్మలు, చొక్కాల వ్యాపారం 2011 నుంచే డిస్నీ చేతిలో ఉంది కాబట్టి అతని పేరు ఎంత మోగితే డిస్నీకి అంత లాభం. వసూళ్లు పంచుకోవడంలో వచ్చే కూర్నో చిక్కును వాళ్లు ఇలా పక్కకు తప్పించారు. టికెట్ డబ్బు ఒకరిది, బొమ్మల డబ్బు ఇంకొకరిది. 2016 మేలో ‘సివిల్ వార్’ సినిమాలో స్పైడర్‌మ్యాన్‌గా టామ్ హాలండ్ విమానాశ్రయంలో కెప్టెన్ అమెరికా డాలు లాక్కుని నిలబడ్డప్పుడు థియేటర్లలో మోగిన ఈలలు అసలు మోగింది ఈ కాగితానికి.

2019లో కాగితం చిరిగింది. స్పైడర్‌మ్యాన్ సినిమా ‘ఫార్ ఫ్రమ్ హోమ్’ 100 కోట్ల డాలర్లు దాటిన వేసవిలోనే, ఇకపై పెట్టుబడీ లాభమూ చెరిసగం కావాలని డిస్నీ అడిగిందనీ సోనీ కాదన్నదనీ ఆగస్టులో వార్తలు వచ్చాయి. బేరసారాల సిద్ధాంతంలో ఒక మూలసూత్రం ఉంది. బల్ల దగ్గర ఎవరి బలం ఎంతో తేల్చేది, బేరం చెడితే ఎవరికి ఏం మిగులుతుందన్నదే. బేరం చెడినా సోనీకి స్పైడర్‌మ్యాన్ మిగులుతాడు, అంతకు ముందు ఏడాది అతని కథల్లోని విలన్ మీద తీసిన ‘వెనమ్’ ఒంటరిగా 85 కోట్ల డాలర్లు తెచ్చిన ధైర్యం ఉంది. డిస్నీకి అతను లేని అవెంజర్స్ మిగులుతారు. ఐరన్ మ్యాన్ అప్పటికే చచ్చిపోయాడు. సెప్టెంబరు 27న మళ్లీ రాజీ అయింది. డిస్నీ పావు వంతు పెట్టుబడి పెట్టి పావు వంతు లాభం తీసుకునేట్టు కుదిరిందని పత్రికలు రాశాయి. సగం అడిగితే పావు వచ్చింది. సోనీ బలం ఎంతో ఆ అంకెలోనే ఉంది.

2021 డిసెంబరులో వచ్చిన ‘నో వే హోమ్’ ముగ్గురు స్పైడర్‌మ్యాన్‌లను కలిపి 190 కోట్ల డాలర్లు దాటింది. జనం ఒళ్లు మరిచి చూసిన ఆ కలయికలో ఎక్కువ భాగం సోనీ ఇంట్లోనిదే. టోబీ మగ్వయర్, ఆండ్రూ గార్ఫీల్డ్, వాళ్ల పాత విలన్లు అందరూ సోనీ సినిమాలవాళ్లు. అటకమీదున్న సొంత సామానే కిందికి దించారు, అడగాల్సిన గడపలు తక్కువ.

మూడో దారి కొనేయడం. 2017 డిసెంబరులో డిస్నీ ఫాక్స్ ఆస్తుల్లో అత్యధిక భాగాన్ని 5,240 కోట్ల డాలర్లకు కొంటామంది. కామ్‌కాస్ట్ పోటీకి వచ్చి ధర పెంచింది. చివరికి 7,130 కోట్ల డాలర్లకు 2019 మార్చి 20న ఆ కొనుగోలు ముగిసింది. ఎక్స్-మెన్, ఫెంటాస్టిక్ ఫోర్ కోసమే ఇంత సొమ్ము పోయలేదు, ఫాక్స్ టీవీ చానళ్లూ సినిమా గ్రంథాలయమూ దానిలో ఉన్నాయి, మన స్టార్ ఇండియా కూడా అలా డిస్నీ చేతికి వెళ్లిందే. అయినా వీరుల వరకు చూస్తే కూర్నో మందు పనిచేసింది. రాగి, జింకు ఒకరివే అయ్యాయి. 2024 జులైలో వచ్చిన ‘డెడ్‌పూల్ అండ్ వుల్వరిన్’ 130 కోట్ల డాలర్లు దాటింది. ఆ సినిమాలో కూలిన ఫాక్స్ గుర్తు పడి ఉన్న ఎడారిలో, కౌలు ముగిసిన పాత వీరులంతా తిరుగుతుంటారు. న్యూలైన్ బ్లేడ్, ఫాక్స్ ఎలెక్ట్రా, సినిమా అసలు మొదలే కాని గాంబిట్. 2025 మార్చిలో ప్రకటించిన ‘అవెంజర్స్: డూమ్స్‌డే’ నటుల జాబితాలో ఎక్స్-మెన్ పాత నటులూ ఫెంటాస్టిక్ ఫోరూ ఉన్నారు.

అయితే ఇక్కడ నా అభిప్రాయం ఒకటి చెప్పాలి. విభజన పోతే అంతా మంచే జరుగుతుందని నేననుకోను. వార్నర్ సంస్థకు డీసీ కామిక్స్ 1969 నుంచి సొంత ఇంటి సొత్తే. సూపర్‌మ్యాన్, బ్యాట్‌మ్యాన్ ఒకే గొడుగు కింద ఉన్నా వాళ్లు నటులతో తీసిన సినిమాలో ఎదురుపడేసరికి 2016 అయింది. తాళం తెరిచి ఉన్నంత మాత్రాన దుకాణం నడవదు. ఇటు మార్వెల్ పాత్రలు చెల్లాచెదురుగా ఉన్న కాలంలోనే ఫాక్స్ ‘లోగన్’ తీసింది, ముసలి వుల్వరిన్ చావు కథగా. పది సినిమాలకు ముందస్తు పథకం వేసుకున్న సంస్థ అంత తెగింపు చేసి ఉండేదని నేను నమ్మను. సోనీ 2018లో ‘ఇన్‌టు ది స్పైడర్‌వర్స్’ తీసి యానిమేషన్ ఆస్కార్ తెచ్చుకుంది. దాని తర్వాతి భాగం 2023లో తెలుగుతో సహా పది భాషల్లో మన దేశంలో విడుదలైంది. అందులో ధోవతి కట్టిన పవిత్ర్ ప్రభాకర్ ఉన్నాడు. 2004లో శరద్ దేవరాజన్, సురేశ్ సీతారామన్, జీవన్ కాంగ్ మన పాఠకుల కోసం సృష్టించిన భారతీయ స్పైడర్‌మ్యాన్ అతను. అన్ని పాత్రలూ మొదటినుంచీ మార్వెల్ చేతిలోనే ఉండుంటే, ఎవరూ అక్కర్లేదన్న ఐరన్ మ్యాన్‌తో మొదలుపెట్టే సాహసం దానికి ఎందుకు కలిగేది? విభజన కలయికలను చంపింది, వైవిధ్యాన్ని బతికించింది. రెండూ నిజమే. నాకైతే ఆ నష్టం కంటే ఈ లాభమే పెద్దదిగా తోస్తుంది. హాలీవుడ్ పెద్ద స్టూడియోలు ఫాక్స్ అమ్మకంతో ఆరు నుంచి అయిదుకు తగ్గాయన్న సంగతి అభిమానులు పండగ చేసుకోవాల్సింది కాదు.

ఇంత పంపకంలో మొదట బొమ్మ గీసినవాడి పేరు ఎక్కడా రాలేదు, గమనించారా? పేజీకింతని కూలి తీసుకుని గీసిన కిర్బీకీ డిట్కోకూ ఈ కౌళ్లలో వాటా లేదు. సూపర్‌మ్యాన్‌ను సృష్టించిన జెర్రీ సీగెల్, జో షుస్టర్ 1938లో 130 డాలర్లకు హక్కులు రాసిచ్చేశారు. కిర్బీ వారసులు ఏళ్ల తరబడి కోర్టుల్లో పోరాడితే 2014లో మార్వెల్ వారితో రాజీ చేసుకుంది. స్పైడర్‌మ్యాన్, డాక్టర్ స్ట్రేంజ్ విషయంలో డిట్కో కుటుంబంతో రాజీ 2023 డిసెంబరులో జరిగింది.

మన దగ్గర 1957లో కె.వి.రెడ్డి ‘మాయాబజార్’ తీసినప్పుడు కృష్ణుడు, ఘటోత్కచుడు, బలరాముడు, అభిమన్యుడు ఒకే తెర మీద కలిశారు. వ్యాస భారతంలో లేని శశిరేఖ పెళ్లి కథ కోసం. ఎవరి దగ్గరా సంతకం తీసుకోనక్కర్లేకపోయింది, ఘటోత్కచుడు ఫలానా సంస్థవాడని ఎవరూ అడ్డుకోలేదు. 2024లో ‘కల్కి 2898 ఏడీ’ అశ్వత్థామను తెచ్చుకున్నప్పుడూ అంతే. ఆ పొలానికి ఆసామి లేడు, అది ఊరందరిది.

అమెరికా వీరులకూ ఆ రోజు వస్తుంది. అక్కడి చట్టం ప్రకారం ఆనాటి ప్రచురణలకు కాపీరైట్ 95 ఏళ్లు. చట్టం ఇలాగే ఉంటే సూపర్‌మ్యాన్ మొదటి కథ 2034 జనవరి 1న, బ్యాట్‌మ్యాన్ మొదటి కథ 2035 జనవరి 1న జనం సొత్తు అవుతాయి. స్పైడర్‌మ్యాన్ మొదటి కథ 1962లో అచ్చయింది. అది 2058 జనవరి 1న అవుతుంది. స్పైడర్‌మ్యాన్ ఫెంటాస్టిక్ ఫోర్ మేడకు ఉద్యోగానికి వెళ్లిన ఆ సంచిక వంతూ ఆ దరిదాపుల్లోనే.